‘విధులకు ఆటంకం’ కేసుల్లో హైకోర్టు ముందుగా చూసేది ఏమిటి?

ట్రాఫిక్ తనిఖీ దగ్గర మాటా మాటా పెరిగినా, కాలనీలో అదనపు అంతస్తు కూల్చడానికి వచ్చిన జేసీబీకి ఇంటివాళ్లు అడ్డం పడినా మర్నాడు పేపర్లో ఒకే వాక్యం కనిపిస్తుంది: విధులకు ఆటంకం కలిగించారని కేసు నమోదు. ఆ వాక్యం కింద రెండు వేర్వేరు నేరాలున్నాయి. ఒకటి బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా దొరికేది. రెండోది నాన్ బెయిలబుల్, అక్కడ బెయిలు ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. ఒకదానికి అధికారి రాతపూర్వకంగా మేజిస్ట్రేటుకే ఫిర్యాదు ఇవ్వాలి, రెండోదానికి ఆ నిబంధన లేదు. కేసు కొట్టేయమంటూ హైకోర్టుకు వచ్చే పిటిషన్లలో సగం వాదన ఈ తేడా చుట్టూనే నడుస్తుంది. అసలు ఆటంకం జరిగిందా లేదా అన్న ప్రశ్న చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది.

మొదటిది భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, సెక్షన్ 221. పాత ఐపీసీలో 186. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణకు ఉద్దేశపూర్వకంగా అడ్డు తగిలితే ఇది పడుతుంది. గరిష్ఠ శిక్ష మూడు నెలల జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఐపీసీ కాలంలో జరిమానా 500 రూపాయలే ఉండేది. రెండోది సెక్షన్ 132, పాత 353. ఉద్యోగి మీద దాడి చేసినా, చట్టం చెప్పిన ‘నేరపూరిత బలం’ ప్రయోగించినా ఇది వర్తిస్తుంది. రెండేళ్ల వరకు జైలు, కాగ్నిజబుల్ (అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలిగే నేరం), నాన్ బెయిలబుల్. గాయం కూడా అయితే సెక్షన్ 121 వస్తుంది, అక్కడ శిక్ష ఐదేళ్ల దాకా వెళ్తుంది. 2024 జులై 1కి ముందు జరిగిన సంఘటనలకు ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి కాబట్టి నాంపల్లి కోర్టుల్లో ఇప్పటికీ రెండు రకాల నంబర్లూ నడుస్తున్నాయి.

221 ఒక్కటే ఉంటే అది నాన్ కాగ్నిజబుల్ నేరం. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి వీల్లేదని బీఎన్ఎస్ఎస్, అంటే పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నేర విచారణ చట్టం, సెక్షన్ 174 చెబుతుంది. అదే సెక్షన్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. నేరాల్లో ఒక్కటైనా కాగ్నిజబుల్ అయితే కేసు మొత్తాన్నీ కాగ్నిజబుల్‌గానే చూడవచ్చు. ఎఫ్ఐఆర్‌లో 221 పక్కన 132 అంత తరచుగా కనబడడానికి పెద్ద కారణం ఇదే. నిజంగా చెయ్యి చేసుకున్న కేసుల్లో అది సబబే. ఒట్టి వాగ్వాదానికి 132 తగిలించినప్పుడే హైకోర్టు ఎఫ్ఐఆర్‌ను మాట మాటగా చదవడం మొదలవుతుంది.

132 నిలబడాలంటే ఎఫ్ఐఆర్‌లో ఏం ఉండాలి

సెక్షన్ 132కు మూడు కొమ్మలున్నాయి. ఉద్యోగి విధిలో ఉండగా దాడి జరగాలి, లేదా విధి చేయనీయకూడదన్న ఉద్దేశంతో జరగాలి, లేదా అతను విధిలో భాగంగా అంతకుముందు చేసిన పనికి ప్రతిగా జరగాలి. ఈ మూడింటికీ ఉమ్మడి కాండం దాడి లేదా నేరపూరిత బలం. అది లేకపోతే కొమ్మల దాకా వెళ్లే పనే లేదు.

దాడి అంటే దెబ్బ తగలాలనేం లేదు. ఇప్పుడే కొడతాడన్న భయం ఎదుటివాడికి కలిగేలా చెయ్యెత్తినా, కర్ర తీసినా దాడే. అయితే మాటలొక్కటే దాడి కావని నిర్వచనంలోని వివరణే చెబుతోంది. సంజ్ఞకు అర్థం తెచ్చిపెట్టే మేరకే మాటలు లెక్కలోకి వస్తాయి. బలం అంటే ఎదుటి మనిషిని కదిలించడం, ఆపడం, లేదా అతని శరీరానికో బట్టలకో తగిలేలా ఏదైనా చేయడం. కాలర్ పట్టుకోవడం, చేతిలోని బ్రీత్ ఎనలైజర్ లాక్కోవడం, ఛాతీ మీద చెయ్యి వేసి నెట్టడం ఇందులోకి వస్తాయి. దూరంగా నిలబడి ఫోన్‌లో వీడియో తీయడం, ‘మీ పై అధికారికి చెబుతా’ అనడం, నోటీసు చూపించమని గట్టిగా అడగడం రావు.

2015లో సుప్రీంకోర్టు తేల్చిన బెంగళూరు కేసు ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ట్రాఫిక్ పోలీసుల తీరును తప్పుపడుతూ ఒక జంట ఆ శాఖ ఫేస్‌బుక్ పేజీలోనే వ్యాఖ్యలు పెడితే 353, 506 కింద కేసు పెట్టారు. కర్ణాటక హైకోర్టు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. వ్యాఖ్యల్లో దాడి లేదు, బలప్రయోగం లేదు, భయపెట్టి పని చేయనీయకుండా ఆపే ఉద్దేశమూ లేదంటూ సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌ను రద్దు చేసింది. సోషల్ మీడియాలో అధికారిని విమర్శించినందుకు 132 పెట్టిన ప్రతి కేసులోనూ న్యాయవాదులు ముందుగా చేత్తో పట్టుకునే తీర్పు ఇదే.

2025 జనవరిలో వారణాసి కేసు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. ఒక హాస్టల్‌లో తనిఖీకి వెళ్లిన అధికారులు, తమ పనిలో ‘అలజడి సృష్టించారు’ అని ఫిర్యాదు చేశారు. ఎవరు ఎవర్ని నెట్టారు, ఎవరు చెయ్యెత్తారు అన్నది ఎఫ్ఐఆర్‌లో ఎక్కడా లేదు. 353 మాత్రం వచ్చి చేరింది. అలజడి అన్న మాటలో దాడి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉందని చెప్పేవాళ్లు ఎలా జరిగిందో రాయాలని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మన ఎఫ్ఐఆర్‌లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ‘దుర్భాషలాడి, నా విధులకు ఆటంకం కలిగించి, నన్ను బెదిరించినాడు’ అన్న మూసవాక్యం ఉంటుంది, సంఘటన ఉండదు. గంట ఎంత, ఉద్యోగి చేతిలో ఏ ఉత్తర్వు ఉంది, నిందితుడు కుడిచేత్తో ఏం చేశాడు, దాంతో ఏ పని ఆగిపోయింది, ఎంతసేపు ఆగింది, అక్కడ ఇంకా ఎవరున్నారు అన్న నాలుగు ముక్కలు రాస్తే నిలిచే కేసు, ఆ నాలుగు ముక్కలు లేక పోతుంది. రోడ్డు మీద నిజంగా దెబ్బ తిన్న కానిస్టేబుల్‌కు ఇంతకంటే పెద్ద అన్యాయం లేదు.

221లో ఉద్దేశమే ప్రాణం

221కి బలప్రయోగం అక్కర్లేదు. ఒళ్లు తగలకుండానే అడ్డుకోవచ్చు. ఢిల్లీలో సమన్లు ఇవ్వడానికి పోలీస్ స్టేషన్‌కు వెళ్లిన కోర్టు ప్రాసెస్ సర్వర్‌ను అక్కడి ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ బాధ్యుడైన పోలీసు అధికారి) నిర్బంధించాడన్న కేసులో, ఆటంకం అంటే భౌతికంగా అడ్డుకోవడం మాత్రమే కాదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. బెదిరించి పని కష్టతరం చేసినా చాలు. గేటుకు తాళం వేసి మీటరు రీడింగుకు రానివ్వకపోవడం, స్వాధీనం ఇప్పించడానికి వచ్చిన కోర్టు అమీనా ముందు మంది చేత బైఠాయింపు చేయించడం ఈ లెక్కలోకే వస్తాయి.

కానీ పని ఆగిపోవడం ఒక్కటే నేరం కాదు. ఆపాలన్న ఉద్దేశం ఉండాలి. 2025 మేలో వచ్చిన మరో తీర్పు దీన్ని తేటగా చూపిస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఇటుక బట్టీలో వెట్టి కార్మికుల్ని, పిల్లల్ని గుర్తించడానికి అధికారులతో కలిసి వెళ్లిన ఒక స్వచ్ఛంద సంస్థ సభ్యులు, కార్మికుల్ని అక్కడి నుంచి తీసుకెళ్లిపోయారని వాళ్ల మీదే కేసు పెట్టారు. వాళ్ల ఉద్దేశం అధికారుల్ని అడ్డుకోవడం కాదు. కార్మికుల వాంగ్మూలం ఎక్కడ, ఎలా తీసుకోవాలన్న దాని మీద అభిప్రాయభేదం వచ్చింది, అంతే. పద్ధతి విషయంలో తేడాను నేరం చేయలేమంటూ కేసు రద్దు చేశారు. అంబులెన్సుకు దారి కోసం బారికేడు పక్కకు జరిపినవాణ్ణి, సర్వేయర్ గొలుసు వేస్తుంటే హద్దురాయి ఇది కాదంటూ పాత పట్టా చూపించిన రైతును ఈ కోణంలోంచే చూడాలి.

కొన్ని చోట్ల ప్రత్యేక చట్టాలు అంతకంటే తేలికైన దారి పెట్టాయి. వాహన తనిఖీలో అధికారి ఆదేశాన్ని పాటించకపోయినా, అడ్డు తగిలినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 179 ఉంది. 2019 సవరణ తర్వాత దానికి 2,000 రూపాయల వరకు జరిమానా. లైసెన్సు చూపనన్న మనిషి మీద నేరుగా 132 పెట్టినప్పుడు డిఫెన్సు న్యాయవాది ఈ సెక్షన్‌ను తప్పక ముందు పెట్టాలి.

ఫిర్యాదు ఎవరు, ఎవరికి ఇచ్చారు

అన్నిటికంటే ఎక్కువ కేసులు జారిపోయేది ఇక్కడే. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 215, పాత సీఆర్పీసీ 195. సమన్లు తప్పించుకోవడం, తప్పుడు సమాచారమివ్వడం, ఆటంకం, ఉత్తర్వు ధిక్కరణ వంటి నేరాల్ని, ఆ ఉద్యోగి గానీ, పరిపాలనాపరంగా అతని పై అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే తప్ప ఏ కోర్టూ కాగ్నిజెన్సులోకి, అంటే విచారణకు, తీసుకోకూడదు. ప్రతి వాగ్వాదాన్నీ ఎవరో మూడో వ్యక్తి క్రిమినల్ కేసుగా మార్చకుండా పెట్టిన అడ్డుగోడ ఇది.

ఫిర్యాదు అంటే ఇక్కడ స్టేషన్‌లో ఇచ్చే దరఖాస్తు కాదు. చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, చర్య తీసుకోమని మేజిస్ట్రేటుకు చేసుకునేదే ఫిర్యాదు. టౌన్ ప్లానింగ్ అధికారి ఎస్‌హెచ్‌ఓకు లేఖ రాస్తాడు, ఎస్‌హెచ్‌ఓ ఎఫ్ఐఆర్ కడతాడు, దర్యాప్తు చేసి చార్జిషీటు వేస్తాడు, మేజిస్ట్రేటు సీసీ నంబరు (కోర్టు కేసు నంబరు) ఇచ్చి సమన్లు పంపుతాడు. రోజూ జరిగే తంతు ఇది. ఈ వరుసలో అధికారి మేజిస్ట్రేటుకు రాసిన కాగితం ఎక్కడా లేదు. 1962లోనే ఒక పంజాబ్ కేసులో, తహసీల్దారు స్వయంగా ఫిర్యాదు ఇవ్వలేదు కాబట్టి విచారణ మొదటినుంచీ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. వారణాసి కేసులోనూ ఇదే పొరపాటు. ఫిర్యాదు వెళ్లింది సిటీ మేజిస్ట్రేటుకు, అంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు. కాగ్నిజెన్సు తీసుకునేది జ్యుడీషియల్ మేజిస్ట్రేటు. పదవి పేరులో మేజిస్ట్రేటు ఉన్నంత మాత్రాన సరిపోదు.

ఇక్కడ నిందితుల వైపు కూడా ఒక తొందరపాటు ఉంది. ఎఫ్ఐఆర్ కట్టిన మర్నాడే, ఇంకా క్రైమ్ నంబరు దశలోనే, అంటే దర్యాప్తు నడుస్తుండగానే, 215 చూపించి మొత్తం కొట్టేయమని అడుగుతారు. ఆ సెక్షన్ కోర్టు చేతులు కడుతుంది, పోలీసుల దర్యాప్తును కాదు. 132 లాంటి కాగ్నిజబుల్ నేరం కూడా ఉంటే దర్యాప్తు సాగనిచ్చి, చార్జిషీటు తర్వాత రమ్మని హైకోర్టు అనవచ్చు. నిషేధం పూర్తి పదునుతో పనిచేసేది మేజిస్ట్రేటు కేసును ఫైలులోకి తీసుకున్న క్షణం నుంచి.

మరి 221 పోతే 132 కూడా పోతుందా? పోనక్కర్లేదు. 1966లో ఒడిశా నుంచి వచ్చిన కేసులో 186, 353 రెండూ వేర్వేరు నేరాలని, రెండోదానికి ఫిర్యాదు నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే చాలా ఉత్తర్వుల్లో 221 వరకు కొట్టేసి, 132 మీద విచారణ సాగించమనే ముగింపు కనబడుతుంది. కానీ 1953 నాటి ఇంకో తీర్పు దీనికి హద్దు పెట్టింది. నిజానికి ఆటంకం మాత్రమే ఉన్న సంఘటనకు వేరే సెక్షన్ తొడుగు వేసి ఫిర్యాదు నిబంధనను తప్పించుకోకూడదు. కాబట్టి కోర్టు సెక్షన్ల నంబర్లు పక్కనపెట్టి వాస్తవాలు చూస్తుంది. నెట్టడం, కొట్టడం తీసేస్తే మిగిలేది ఏమిటి? ఆ మిగిలినదే కేసంతా అయితే, 132 కూడా నిలవదు.

గడువు ఇంకో గండం. మూడు నెలల శిక్ష ఉన్న నేరానికి బీఎన్ఎస్ఎస్ 514 ప్రకారం ఏడాదిలోగా కోర్టుకు రావాలి. 2013 రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ప్రకారం లెక్కకు తీసుకునేది ఫిర్యాదు దాఖలైన తేదీ. చార్జిషీటు వేసి, హైకోర్టులో రెండు మూడేళ్లు నడిచి, 221 కొట్టుకుపోయాక అధికారి మళ్లీ సరైన ఫిర్యాదు వేద్దామంటే ఆ ఏడాది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉన్నా, పొరపాటు శాఖదైనప్పుడు దాని మీద ఆశ పెట్టుకోలేం.

అధికారి చేయాల్సింది అంత కష్టమైన పనేం కాదు. సంఘటన జరిగిన వారంలోపే, ఆ ప్రాంతపు జ్యుడీషియల్ మేజిస్ట్రేటు పేరున, తన సంతకంతో లేదా పై అధికారి సంతకంతో ఫిర్యాదు రాయాలి. తాను అమలు చేస్తున్న ఉత్తర్వు, నోటీసు జతపరచాలి. ప్రభుత్వోద్యోగి విధిలో భాగంగా రాసిన ఫిర్యాదైతే అతన్ని ప్రమాణం మీద ముందే విచారించక్కర్లేదని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 223 మినహాయింపు ఇచ్చింది. అదే సెక్షన్ నిందితుడికీ కొత్త రక్షణ ఇచ్చింది. ఫిర్యాదు మీద కాగ్నిజెన్సు తీసుకునే ముందు అతని మాట వినాలి. పాత సీఆర్పీసీలో ఈ దశలో నిందితుడికి నోరు విప్పే అవకాశమే ఉండేది కాదు.

అసలది విధేనా

రెండు సెక్షన్లూ ఉద్యోగి ‘విధి’ చుట్టూ తిరుగుతాయి. అధికారం లేని పని విధి కాదు. భవనం కేసుల్లో ఇది బాగా తెలుస్తుంది. జీహెచ్‌ఎంసీ చట్టం 1955 ప్రకారం సెక్షన్ 452 కింద సంజాయిషీ నోటీసు, జవాబు పరిశీలన, 636 కింద తుది ఉత్తర్వు అనే వరుస ఉంది. కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్లు, చెరువుల వంటి బహిరంగ స్థలాల్లోని ఆక్రమణలకు, కోర్టు ఆదేశించిన కూల్చివేతలకు మినహాయింపు ఇచ్చింది. అంతకు రెండు నెలల ముందే, సెప్టెంబరులో, అమీన్‌పూర్ కూల్చివేత మీద విచారణలో సెలవురోజు ఎందుకు కూల్చారని హైదరాబాద్‌లో ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రాను తెలంగాణ హైకోర్టు నిలదీసింది.

దీనర్థం, నోటీసులో లోపముంటే జేసీబీ ముందు రాయి పట్టుకుని నిలబడవచ్చని కాదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. బీఎన్ఎస్ సెక్షన్ 37 ప్రకారం ఉద్యోగి సద్భావంతో, తన హోదాలో చేస్తున్న పని చట్టప్రకారం పూర్తిగా సరి కాకపోయినా, ప్రాణభయమో తీవ్ర గాయాల భయమో లేనంతవరకు అతని మీద ఆత్మరక్షణ హక్కు లేదు. తేదీ తప్పు, సెక్షన్ తప్పు లాంటి లోపాలు ఈ గొడుగు కిందికే వస్తాయి. ఉత్తర్వే లేకుండా వచ్చినప్పుడు, కోర్టు స్టే ఉందని తెలిసీ వచ్చినప్పుడు కథ వేరు. అప్పుడు సద్భావం అన్న మాటే నిలవదు. స్టే ఉత్తర్వు కాపీని అధికారి చేతికిచ్చి, అందినట్టు వీడియోలోనో సంతకంతోనో రుజువు ఉంచుకున్నవాడి పిటిషన్‌కూ, కేకలు మాత్రమే మిగిలినవాడి పిటిషన్‌కూ హైకోర్టులో చాలా తేడా ఉంటుంది.

క్వాష్ పిటిషన్ ఎలా నడుస్తుంది

కేసు కొట్టేయమని అడిగేదే క్వాష్ పిటిషన్. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 528 కింద, పాత సీఆర్పీసీ 482, హైకోర్టులో క్రిమినల్ పిటిషన్ వేస్తారు. సింగిల్ జడ్జి వింటారు. మొదటి ప్రతివాది పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా రాష్ట్రం, రెండో ప్రతివాది ఎఫ్ఐఆర్ ఇచ్చిన డిఫాక్టో కంప్లైనెంట్, అంటే ఆ ఉద్యోగి. విచారణ ఆపమని అడిగే ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) విడిగా ఉంటుంది.

కొలమానం 1990 నుంచీ ఒకటే. ఎఫ్ఐఆర్‌లో రాసిందంతా అక్షరం పొల్లు పోకుండా నిజమే అనుకుందాం, అప్పుడైనా నేరం అవుతుందా? అవుతుందంటే కేసు కింది కోర్టులో నడవాల్సిందే. ‘నేనా రోజు ఊళ్లో లేను’, ‘సాక్షులంతా వాళ్ల సిబ్బందే’ లాంటి వాదనలకు ఇక్కడ చోటు లేదు, అవి ట్రయల్లో తేలేవి. ఎవరూ కాదనలేని పత్రాలు, ఉదాహరణకు సంఘటన తేదీకి ముందే ఇచ్చిన కోర్టు స్టే, మాత్రం చూస్తారు. పిటిషన్‌తో పాటు ఎఫ్ఐఆర్, చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, ఉద్యోగి అమలు చేయబోయిన ఉత్తర్వు, అప్పటికే ఏదైనా రిట్ నడుస్తుంటే దాని వివరాలు పెట్టాలి. పాత రిట్‌ను దాచిపెట్టి వచ్చిన పిటిషనర్ మీద కోర్టుకు నమ్మకం పోతే ఎంత మంచి పాయింటైనా నెగ్గడం కష్టం.

అరెస్టు విషయంలో ఒక స్థానిక చరిత్ర ఉంది. కేసు కొట్టేయడానికి ఒప్పుకోకుండానే నిందితుణ్ణి అరెస్టు చేయవద్దని హైదరాబాద్ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును 2017లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. కొట్టేయనప్పుడు ముందస్తు బెయిలు లాంటి రక్షణ దొడ్డిదారిన ఇవ్వకూడదన్నది ఆ తీర్పు సారం. 2021లో ముగ్గురు జడ్జిల ధర్మాసనం దాన్నే ఇంకా గట్టిగా చెప్పింది. ఈ తీర్పులు పాటిస్తూనే మన హైకోర్టులో తరచుగా వచ్చే ముగింపు ఇంకొకటి ఉంది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరం కాబట్టి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 35(3), పాత 41ఏ, కింద అరెస్టు చేయకుండా హాజరు కమ్మని ఇచ్చే నోటీసు పద్ధతి పాటించమని పోలీసులకు చెప్పి పిటిషన్ ముగిస్తారు. దాన్ని గెలుపనుకుని సంబరపడేవాళ్లు గుర్తుంచుకోవాలి, కేసు అలాగే ఉంది. నోటీసు అందాక హాజరు కాకపోతే అరెస్టుకు దారి తెరుచుకుంటుంది.

కోర్టు లోపల జరిగే ఆటంకం

న్యాయానికి అడ్డు తగలడం రోడ్డు మీదే జరగదు. తప్పుడు అఫిడవిట్, దొంగ ఆధారాల సృష్టి, సాక్షి బెదిరింపు, ఆధారాల ధ్వంసం బీఎన్ఎస్ పద్నాలుగో అధ్యాయంలో ఉన్నాయి. కోర్టు విచారణలో తప్పుడు సాక్ష్యానికి సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. అయినా ఎదుటి పార్టీ నేరుగా కేసు పెట్టలేడు. ఆ కోర్టే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 379, పాత సీఆర్పీసీ 340, కింద ఫిర్యాదు పంపాలి. అందుకు రెండు మెట్లున్నాయి. నేరం ప్రాథమికంగా కనబడాలి, ఫిర్యాదు చేయడం న్యాయ ప్రయోజనాల దృష్ట్యా అవసరమనిపించాలి. రెండో మెట్టు దగ్గరే ఎక్కువ దరఖాస్తులు ఆగిపోతాయి. వయసు రెండేళ్లు తప్పు రాశాడనో, తారీఖు తడబడ్డాడనో వేస్తే కోర్టు ముట్టుకోదు. తెలిసి, కావాలని, కేసు ఫలితాన్ని మార్చే విషయంలో అబద్ధమాడి ఉండాలి, శిక్ష పడే అవకాశమూ కనబడాలి. ఈ దశలో అవతలివాడి వాదన వినాలన్న నియమం లేదని, ప్రాథమిక విచారణ కూడా తప్పనిసరి కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

భూమి తగాదాలు ఎక్కువగా ఉన్న హైదరాబాద్‌లో దొంగ పత్రాల ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. దొంగ సేల్ డీడ్ బయట తయారుచేసి సిటీ సివిల్ కోర్టులో దాఖలు చేస్తే, కోర్టు ఫిర్యాదు దాకా ఆగాలా? అక్కర్లేదని 2005లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పత్రం కోర్టు కస్టడీలో ఉండగా దిద్దితేనే కోర్టు ఫిర్యాదు తప్పనిసరి. అంతకుముందే ఫోర్జరీ జరిగితే బాధితుడు నేరుగా పోలీసుల దగ్గరకు వెళ్లవచ్చు. సివిల్ దావా నడుస్తోంది కాబట్టి ఎఫ్ఐఆర్ కట్టబోమని పోలీసులు పంపేస్తే చెప్పాల్సిన జవాబు ఇదే.

ఆధారాలు మాయం చేసినందుకు బీఎన్ఎస్ సెక్షన్ 238, పాత ఐపీసీ 201. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసుతో ఈ సెక్షన్ అందరి నోళ్లలో నానింది. హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది అందులో ఆరోపణ. ఇలాంటి ఏ కేసులోనైనా వస్తువు ధ్వంసమైందని చూపితే సరిపోదు. ముందు అసలు నేరం ఒకటి జరిగి ఉండాలి, అది జరిగిందని ధ్వంసం చేసినవాడికి తెలిసి ఉండాలి, నేరస్థుణ్ణి కాపాడాలన్న ఉద్దేశంతో చేసి ఉండాలి. అనుమానం ఎంత బలంగా ఉన్నా ఈ మూడింటికి బదులు కాదని 1952 నుంచీ ఉన్న మాట. శిక్ష కూడా అసలు నేరాన్ని బట్టి మారుతుంది. మరణశిక్ష పడే నేరమైతే ఏడేళ్ల దాకా, యావజ్జీవం లేదా పదేళ్ల దాకా శిక్ష ఉన్న నేరమైతే మూడేళ్ల దాకా, అంతకంటే చిన్నదైతే ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు.

సాక్షిని బెదిరించడం సెక్షన్ 232, పాత 195ఏ, ఏడేళ్ల దాకా శిక్ష. దీనికి కూడా కోర్టు ఫిర్యాదే కావాలని కొన్నాళ్లు వాదన నడిచింది. బెదిరింపు అందుకున్న సాక్షి నేరుగా పోలీసుల దగ్గరకు వెళ్లవచ్చని, ఇది కాగ్నిజబుల్ నేరమని 2025 అక్టోబరులో ఒక కేరళ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాత్రి పదింటికి ఫోన్లో బెదిరింపు వచ్చిన మనిషిని కోర్టు తెరిచేదాకా ఆగమనడం న్యాయం కాదు, ఆ తీర్పు రావాల్సిందే. దీంతోపాటు 2018 సాక్షి రక్షణ పథకం కింద, జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముప్పు ఎంతో పోలీసులు అయిదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, అది అందాక మరో అయిదు పనిదినాల్లో కమిటీ తేల్చాలి. రక్షణ ఒక్కోసారి మూడు నెలలకు మించకుండా ఇస్తారు, అవసరమైతే పొడిగిస్తారు. బెదిరింపు కాల్ రికార్డింగు, నంబరు, సమయం దరఖాస్తులోనే పెడితే నివేదిక త్వరగా తేలుతుంది.

ఇక న్యాయపాలనకు ఏ రూపంలో అడ్డు తగిలినా క్రిమినల్ కోర్టు ధిక్కారమే అని 1971 చట్టం సెక్షన్ 2(సి) చెబుతుంది. ఇది ఇద్దరు జడ్జిల ధర్మాసనం ముందుకే వెళ్తుంది. ప్రైవేటు వ్యక్తి వేయాలంటే అడ్వకేట్ జనరల్ రాతపూర్వక అనుమతి ఉండాలి, సంఘటన జరిగిన ఏడాదిలోపు చర్య మొదలుకావాలి. శిక్ష ఆరు నెలల సాధారణ జైలు, 2,000 రూపాయల జరిమానా దాటదు. ఆ ఆటంకం న్యాయ ప్రక్రియను గణనీయంగా దెబ్బతీసిందనిపిస్తేనే శిక్ష వేయాలని సెక్షన్ 13 ఆంక్ష పెట్టింది. కాబట్టి కోర్టు హాలు బయట లాయర్‌తో జరిగిన గొడవను ధిక్కారంగా వేసేవాళ్లకు సాధారణంగా అడ్వకేట్ జనరల్ కార్యాలయం దగ్గరే దారి మూసుకుపోతుంది.